ఆ మిగిలిన శాతంలో ఎవరి పిల్లలున్నారు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేము హైదరాబాద్ నుంచి వచ్చి డాలస్‌కు ఉత్తరాన ఒక శివారు ఊళ్లో రెండేళ్లుగా ఉంటున్నాం. మా పాపకు మే నెలలో ఐదేళ్లు నిండుతాయి. ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి. మా ముందు రెండు బడులున్నాయి. ఒకటి ఇంటికి దగ్గరలోని పబ్లిక్ స్కూలు. అందులో సగానికి పైగా మనలా వలస వచ్చిన కుటుంబాల పిల్లలే. రెండోది ఒక చిన్న ప్రైవేటు స్కూలు. తోట, చెక్కబొమ్మలు, తరగతికి పన్నెండు మంది, తల్లిదండ్రులంతా బాగా చదువుకున్నవారు, కలిగినవారు. రాష్ట్ర ఆరోగ్యశాఖ పట్టికలో చూస్తే ఆ ప్రైవేటు బడిలో తట్టు టీకా ఎనభైల్లోనే ఆగిపోయింది. పబ్లిక్ స్కూళ్ల డిస్ట్రిక్ట్‌ది తొంభై దాటింది కానీ మీరు తరచూ చెప్పే తొంభై ఐదును అందుకోలేదు. మావారేమో "వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్నచోటే టీకాలు తక్కువుంటాయి, అంత చదువుకున్నవాళ్లకు ఆమాత్రం తెలియదా, ఆ పట్టికలోనే ఏదో తప్పుంది" అంటున్నారు. దానికితోడు మా పాప టీకాలు పూర్తి కాలేదని పబ్లిక్ స్కూలు నర్సు కాగితం పంపింది. మా అమ్మగారి ఊళ్లో ఉపకేంద్రంలో కొన్ని, హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రిలో కొన్ని, ఒక్కటీ వదలకుండా వేయించాం. ఇంట్లో ఏడు నెలల బాబు కూడా ఉన్నాడు. జూన్‌లో మా చెల్లెలి పెళ్లికి ఇండియా వెళ్లాలి. ఏ బడి మంచిది? ఒక పేటలో ఉండే మనుషులను బట్టి బడిలో టీకా శాతం ఇంతలా మారుతుందా?

సమాధానం: అమ్మా, పట్టికలో తప్పు లేదు. అలాగని మీవారి అనుమానం గాలిలోంచి పుట్టిందీ కాదు. మన రాష్ట్రాల్లో టీకా తప్పిన బిడ్డ ఎక్కడుంటుందని అడిగితే ఏ ఏఎన్ఎం అయినా కొండ మీది గూడేన్నో, ఊరి బయటి ఇటుక బట్టీనో చూపిస్తుంది. దూరం, వలస, పేదరికం ఉన్నచోట టీకా తప్పుతుందని మనమంతా చూసి నేర్చుకున్నాం. అమెరికాలోనూ ముప్పై ఐదేళ్ల కిందట పరిస్థితి ఇంచుమించు అలాగే ఉండేది. 1989 నుంచి 1991 వరకు ఇక్కడ తట్టు విజృంభించి దాదాపు 55,000 మందికి సోకింది, 120 మందికి పైగా చనిపోయారు. ఎక్కువగా దెబ్బతిన్నది పెద్ద నగరాల నడిబొడ్డున పేదపేటల్లో ఉండే నల్లజాతి, లాటినో కుటుంబాల్లోని, ఇంకా బడి ఈడు రాని పసివాళ్లు. ఆ తల్లులు టీకా వద్దనలేదు. చేతిలో బీమా లేదు, డాక్టరు దగ్గర టీకా ధర కట్టలేరు, ఉచితంగా వేసే క్లినిక్ ఎక్కడో దూరాన ఉంటుంది, అక్కడికి పోతే ఒక రోజు కూలి పోతుంది. ఆ అనుభవంతోనే 1993లో చట్టం చేసి, 1994 నుంచి బీమా లేని పిల్లలకూ పేద పిల్లలకూ టీకాలను ప్రభుత్వమే డాక్టర్లకు ఉచితంగా అందించే పథకం పెట్టారు. ఆ తరువాత తట్టు టీకా విషయంలో జాతుల మధ్య ఉన్న తేడా చాలావరకు తగ్గింది.

అందువల్ల టీకా అందని పిల్లలందరినీ ఒకే గాటన కట్టకూడదు. 2004లో అచ్చయిన ఒక జాతీయ సర్వే విశ్లేషణ ఈ సంగతిని చాలా స్పష్టంగా చూపింది. కొన్ని టీకాలు వేయించుకుని మధ్యలో ఆగిపోయిన పిల్లల కుటుంబాలను చూస్తే వాళ్లు ఎక్కువగా నల్లజాతివారు, పేదలు, నగరాల మధ్యలో ఉండేవారు, తల్లి చిన్న వయసులో ఉన్నవారు. అసలు ఒక్క టీకా కూడా వేయించని పిల్లల కుటుంబాలు వీరికి పూర్తిగా భిన్నం: తెల్లజాతివారు, తల్లి కాలేజీ చదువు పూర్తి చేసినది, ఇంటి ఆదాయం ఏడాదికి 75,000 డాలర్లకు పైన. మొదటి ఇంట్లో టీకా అందలేదు, రెండో ఇంట్లో టీకాను వద్దనుకున్నారు. బడి పట్టికలో మాత్రం ఈ ఇద్దరు పిల్లలూ ఒకే గడిలో కనిపిస్తారు, చూసేవాడికి తేడా తెలియదు.

కాలిఫోర్నియా కథ తెలుసుకుంటే మీ ప్రైవేటు బడి సంగతి అర్థమవుతుంది. ఆ రాష్ట్రంలో ఒకప్పుడు తల్లిదండ్రులు వ్యక్తిగత నమ్మకాల పేరుతో ఒక ఫారం మీద సంతకం పెడితే టీకా లేకుండానే బడిలో చేరవచ్చు. ఆ మినహాయింపు తీసుకున్న కిండర్‌గార్టెన్ పిల్లలు 2013–14 నాటికి 3 శాతం దాటారు. మూడు శాతమే కదా అనిపిస్తుంది, కానీ అది రాష్ట్రమంతటికీ వేసిన సగటు. కొన్ని తీరప్రాంతపు సంపన్న పట్టణాల్లో, ముఖ్యంగా ఒక ప్రత్యేక విద్యాతత్వం పేరుతో నడిచే చిన్న ప్రైవేటు బడుల్లో, చార్టర్ బడుల్లో (ప్రభుత్వ సొమ్ముతో స్వతంత్రంగా నడిచేవి) అది దానికి ఎన్నో రెట్లు ఉండేది. పరిశోధకులు ఆ లెక్కలను జనాభా లెక్కలతో కలిపి చూసినప్పుడు, ఆదాయం ఎక్కువగా ఉన్నచోట, తెల్లజాతి జనాభా ఎక్కువగా ఉన్నచోట మినహాయింపులు కూడా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. చదువు స్థాయిని బట్టి మాత్రం అంచనా వేయడం కుదరలేదు. "చదువుకున్నవాళ్లకు తెలియదా" అన్న మీవారి ప్రశ్నకు ఆ లెక్కలే సమాధానం చెబుతున్నాయి: డిగ్రీ ఉన్నంతమాత్రాన టీకా మీద నమ్మకం వస్తుందని చెప్పలేం, లేనంతమాత్రాన పోతుందనీ చెప్పలేం.

నా అభిప్రాయంలో అక్కడ తెలియకపోవడం కన్నా తెలుసుననుకోవడమే ఎక్కువ. మా బిడ్డకు మంచి తిండి పెడుతున్నాం, తల్లిపాలు ఇచ్చాం, ఇరుకు ఇళ్లలో లేము, ఆ జబ్బులు మావాకిలి తొక్కవు అన్న ధీమా అది. తట్టు వైరస్‌కు ఆ భేదాలు ఉండవు. తట్టు ఉన్న బిడ్డ గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ గాలిలో వైరస్ ఉండవచ్చు. రక్షణ లేని పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మండుగురికి సోకుతుంది. పైగా దద్దురు కనిపించడానికి నాలుగు రోజుల ముందే అంటించడం మొదలవుతుంది. నూటికి 95 మందికి టీకా ఉండాలని మేము పట్టుబట్టేది అందుకే. ఇక అలాంటి ధీమా ఉన్న ఇళ్లు ఊరంతా చెదిరి ఉంటే ప్రమాదం తక్కువ. ఒకేరకం ఆలోచనలున్న తల్లిదండ్రులు ఒకేరకం బడిని వెతుక్కుంటారు కాబట్టి ఆ పిల్లలంతా ఒక గదిలోకి చేరతారు. 2014 డిసెంబరులో డిస్నీల్యాండ్‌లో మొదలైన తట్టు ఒక్క కాలిఫోర్నియాలోనే 131 మందికి సోకింది. 2015 జూన్ 30న గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకంతో వ్యక్తిగత నమ్మకాల మినహాయింపు రద్దయింది. అది 2016 జూలై నుంచి అమలులోకి వచ్చింది.

ఆ చట్టం వచ్చాక శాతం పెరిగిన సంగతి చాలామంది రాశారు: అన్ని టీకాలూ పూర్తయిన కిండర్‌గార్టెన్ పిల్లలు 2014–15లో 90.4 శాతం, 2016–17లో 95.6 శాతం. కానీ ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో అడిగినవారు తక్కువ. 2014–15లో నమ్మకాల పేరుతో వద్దన్నవారు సుమారు 2.5 శాతం అయితే, "మిగిలిన డోసులు తరువాత వేయిస్తాం, కాగితాలు తరువాత తెస్తాం" అన్న షరతు మీద చేరినవారు 6.9 శాతం ఉన్నారు. బడులు ఆ షరతు పిల్లల వెంటపడి, ఇళ్లకు ఫోన్లు చేసి, కార్డులు తెప్పించుకోవడం మొదలుపెట్టాక 2016–17 నాటికి వారు 1.9 శాతానికి తగ్గారు. అంటే పట్టికలో లోటుగా కనిపించిన పిల్లల్లో పెద్ద భాగానికి టీకాతో పేచీ లేదు. వారికి కావలసింది ఒక అపాయింట్‌మెంటు, ఒక సరైన కాగితం. నేను ఈ వృత్తిలో ఇన్నేళ్లు ఉండి ఆలస్యంగా నేర్చుకున్న విషయం ఇది కాబట్టి కొంచెం నొక్కి చెబుతున్నాను: బడి శాతం చూసినప్పుడు లోటు ఎంత అన్నదానితో ఆగకుండా, ఆ లోటులో ఎవరున్నారని కూడా అడగాలి. పేటలోని జనాభా వివరాలు ఆ ప్రశ్న వేయడానికి సాయపడతాయి. ఎవరిని చూసి భయపడాలో చెప్పడానికి పనికిరావు.

మీరున్న టెక్సాస్‌లో మినహాయింపు ఇంకా ఉంది. 2003 నుంచి మనస్సాక్షి కారణాలతో అఫిడవిట్ ఇవ్వవచ్చు. 2025 సెప్టెంబరు నుంచి ఆ ఫారాన్ని ఆరోగ్యశాఖ వెబ్‌సైటు నుంచి నేరుగా దింపుకోవచ్చు కూడా. 2025లో పడమటి టెక్సాస్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. గెయిన్స్ కౌంటీలో మొదలై 762 మందికి తట్టు సోకింది, బడి ఈడు పిల్లలు ఇద్దరు చనిపోయారు. ఆ కౌంటీలో 2023–24లో కిండర్‌గార్టెన్ పిల్లలకు తట్టు టీకా 82 శాతమే ఉంది. అక్కడి లూప్ అనే చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌లో 46 శాతం. జబ్బు ఎక్కువగా పాకింది మెనొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబాల్లో. వీరు తీరపు సంపన్నులూ కారు, నిన్నమొన్న వలస వచ్చినవారూ కారు. తమలో తాము మెలుగుతూ, చాలావరకు పిల్లలను ఇంట్లోనో సొంత బడుల్లోనో చదివించుకునే రైతు కుటుంబాలు. వారి మతంలో టీకాకు నిషేధం లేదు. పెద్దలూ చుట్టుపక్కల ఇళ్లవారూ వేయించకపోతే వేయించకపోవడమే అక్కడ మామూలు సంగతి అవుతుంది, అంతే.

మిన్నెసోటాలోని సోమాలీ కుటుంబాల సంగతి మనవాళ్లకు ఇంకా దగ్గరగా తగులుతుంది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆ తల్లులు మొదట్లో టీకాల్లో ఎవరికీ తీసిపోలేదు. 2004లో రెండేళ్ల సోమాలీ పిల్లల్లో 92 శాతానికి తట్టు టీకా ఉంది. ఆ తరువాత తమ పిల్లల్లో ఆటిజం ఎక్కువగా కనిపిస్తోందన్న ఆందోళన మొదలైంది. దానికి సమాధానం చెప్పవలసినవారు సరిగా చెప్పక ముందే, టీకాకూ ఆటిజంకూ ముడిపెట్టి 1998లో వ్యాసం రాసిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ స్వయంగా వచ్చి ఆ తల్లులను కలిశాడు. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. అయినా 2014 నాటికి ఆ 92 శాతం కాస్తా 42కు పడిపోయింది, 2017లో ఆ రాష్ట్రంలో 75 మందికి తట్టు సోకింది, అందులో అత్యధికులు సోమాలీ పిల్లలే. అదే భాష, అదే మతం, అదే పేట, అవే ఆదాయాలు. పదేళ్లలో శాతం సగానికి తక్కువైంది. జనాభా వివరాలే రాత రాసేటట్టయితే ఇలా జరగకూడదు. మన అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో "టీకాకు ముందు ఈ వీడియో చూడండి" అంటూ తిరిగే ఫార్వర్డులు కనిపించినప్పుడల్లా నాకు ఆ రెండు సంఖ్యలే గుర్తుకొస్తాయి.

ఇక మీ పాప కాగితం సంగతి. నర్సు పొరపడిందని కోపగించుకోకండి, మీరు అబద్ధం చెబుతున్నారని ఆమె కూడా అనుకోవడం లేదు. ఏ టీకా ఎప్పుడు వేయాలన్న పట్టికలు రెండు దేశాల్లో వేరు. మన ఉపకేంద్రంలో తట్టు–రుబెల్లా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండగానే వేస్తారు, మన దగ్గర జబ్బు చిన్న వయసులోనే పట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి అది సరైనదే. ఇక్కడ మాత్రం మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన డోసును లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు ఇంకా మిగిలి ఉండి టీకాను పూర్తిగా పనిచేయనివ్వకపోవచ్చు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య వేసిన రెండో డోసు తట్టుకూ రుబెల్లాకూ చెల్లుతుంది. కానీ ప్రభుత్వ టీకాలో గవదబిళ్లల మందు లేదు. పోలియో చుక్కల్లోంచి 2016 ఏప్రిల్‌లో రెండో రకం వైరస్‌ను తీసేశారు కాబట్టి ఆ తరువాత మన దగ్గర వేసిన చుక్కలు ఇక్కడి లెక్కకు రావు. ప్రైవేటు ఆసుపత్రిలో వేసిన పోలియో ఇంజెక్షన్ వస్తుంది. ఆటలమ్మకు, హెపటైటిస్ ఏకు మన ప్రభుత్వ కార్యక్రమంలో టీకాలే లేవు. టెక్సాస్ బడికి రెండూ రెండేసి డోసులు కావాలి. ఈ కారణంగా, హైదరాబాద్‌లో ఖరీదైన పిల్లల డాక్టరు దగ్గర టీకాలు వేయించిన బిడ్డ ఇక్కడ దాదాపు పూర్తయినట్టు, పల్లెలో ఏఎన్ఎం చేతి మీదుగా ఒక్కటీ తప్పకుండా వేయించుకున్న బిడ్డ సగంలో ఆగినట్టు కనిపిస్తారు. మనలో మనకే ఉన్న ఆదాయపు తేడా సముద్రం దాటి వచ్చి ఈ నర్సు బల్ల మీద బయటపడుతుందన్నమాట.

తేదీల విషయంలో మరొక చిక్కు ఉంది. ఒక బాబు కార్డు నా దగ్గరకు వచ్చింది. పుట్టిన తేదీ 2020 మే 20, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) దగ్గర నీలం సిరాతో 03-09-2021 అని ఉంది. సెప్టెంబరు 3న, పదిహేను నెలలు దాటాక, సక్రమంగా వేసిన డోసు అది. ఇక్కడి అలవాటులో నెల ముందు, రోజు తరువాత రాస్తారు కాబట్టి బడివారు దాన్ని మార్చి 9 అని చదివారు. ఆ లెక్కన బాబుకు అప్పటికి ఇంకా పది నెలలు నిండలేదు, డోసు చెల్లలేదు. ఆ తల్లి మూడుసార్లు బడి చుట్టూ తిరిగింది. కాబట్టి మీ పాప మాతా శిశు సంరక్షణ కార్డునూ, ఆసుపత్రి పుస్తకాన్నీ ఇక్కడి పిల్లల డాక్టరుకు చూపించి, నెల పేరు అక్షరాల్లో ఉండేటట్టు ఇంగ్లీషులో తిరిగి రాయించుకోండి. తట్టు టీకా రెండు డోసుల మధ్య 28 రోజులు ఉంటే చాలు, అది తక్కువైనా ఆగస్టు లోపు పూర్తి చేయవచ్చు. హెపటైటిస్ ఏ రెండు డోసుల మధ్య మాత్రం ఆరు నెలలు ఉండాలి, కాబట్టి దాన్ని వెంటనే మొదలుపెట్టండి. కొన్ని డోసులు రెండోసారి పడ్డా పాపకు హాని లేదు.

బడి ఎంపికకు వద్దాం. టెక్సాస్ ఆరోగ్యశాఖ టీకా శాతంతో పాటు మనస్సాక్షి మినహాయింపుల శాతాన్ని కూడా వేరే పట్టికగా ఇస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకోండి. టీకా శాతం ఎనభైల్లో ఉండి మినహాయింపులు ఒకటి రెండు శాతమే ఉంటే అది కాగితాల లోటు, నాలుగు నెలల్లో తీరుతుంది. మినహాయింపులే పదీ పదిహేను ఉంటే అది ఎంచుకున్న లోటు, వచ్చే ఏడు కూడా అలాగే ఉంటుంది. పన్నెండు మంది ఉన్న తరగతిలో ఇద్దరు వేయించుకోకపోతేనే శాతం 83కు పడిపోతుంది కాబట్టి ఒక్క ఏడాది అంకెతో తీర్పు చెప్పకుండా, వెనకటి మూడు నాలుగేళ్లవీ చూడండి. ప్రైవేటు బడికి ఆ బడి అంకే దొరుకుతుంది. పబ్లిక్ స్కూళ్లకు డిస్ట్రిక్ట్ మొత్తానికి కలిపి ఇస్తారు, అందులో మీ బడి ఎగువన ఉందో దిగువన ఉందో తెలియదు. ఫోన్ చేసి "కిండర్‌గార్టెన్‌లో అఫిడవిట్లు ఎన్ని, తాత్కాలికంగా చేరినవారు ఎంతమంది" అని అడగండి. పిల్లల పేర్లు చెప్పరు, సంఖ్య చెప్పడానికి అభ్యంతరం ఉండకూడదు.

నన్నడిగితే పబ్లిక్ స్కూలు వైపే మొగ్గుతాను. అక్కడ లోటుగా కనిపిస్తున్న పిల్లల్లో చాలామంది మీ పాపలాంటివారే అయి ఉంటారని నా అంచనా: ఒళ్లో టీకా ఉంది, కాగితంలో లేదు. ఆ ప్రైవేటు బడి నచ్చి అందులోనే చేర్చినా మీ పాపకు పెద్ద ప్రమాదమేమీ రాదు, రెండు డోసులు పూర్తయితే తట్టు నుంచి సుమారు 97 శాతం రక్షణ ఉంటుంది. నా ఆలోచనంతా మీ బాబు గురించి. అక్క బడి నుంచి, ఎవరింటి పుట్టినరోజు విందు నుంచి జబ్బు ఇల్లు చేరితే పట్టుకునేది వాడినే, వాడికింకా టీకా ఈడు రాలేదు. దేశం మొత్తం మీద కిండర్‌గార్టెన్ తట్టు టీకా 2019–20లో 95.2 శాతం ఉన్నది 2024–25 నాటికి 92.5కు దిగింది; 2025లో తట్టు కేసులు 2,000 దాటాయి.

జూన్ ప్రయాణం గురించి మీరు చివర్లో రాశారు కానీ ముందుగా చేయవలసిన పని అదే. విదేశీ ప్రయాణం చేసే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు ఒక ఎంఎంఆర్ డోసు ముందుగా వేయమని ఇక్కడి కేంద్ర ప్రభుత్వపు రోగ నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది, అదీ విమానం ఎక్కడానికి కనీసం రెండు వారాల ముందు. మీ డాక్టరు మరిచిపోయినా మీరే అడిగి వేయించండి. ఆ డోసు బడి లెక్కకు రాదు. ఏడాది నిండాక మళ్లీ మొదటి డోసు, నాలుగేళ్లు దాటాక రెండోది మామూలుగానే వేయించాలి. పెళ్లింట్లో అమ్మమ్మ గారు "అప్పుడే ఎందుకు, తొమ్మిదో నెలలో మన ఊళ్లోనే వేయిద్దాం కదా" అంటే, ప్రయాణంలో ఎక్కవలసిన విమానాలూ దాటవలసిన విమానాశ్రయాలూ ఎన్నో ఆవిడకు ఒకసారి లెక్కపెట్టి చెప్పండి. వేయించిన రోజున కార్డు మీద తేదీ రాయించేటప్పుడు నెల పేరు అక్షరాల్లో రాయించడం మాత్రం మరవకండి.